యూనిట్ రూపాయిన్నర... మిగతాది ఎవరు కడుతున్నారు? కొల్లేరు చెరువుల నుంచి బొగ్గు బూడిద దాకా

తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల మధ్య కైకలూరు నుంచి ఆకివీడు వైపు వెళ్లి చూడండి. ఊళ్లు నిద్రలో ఉంటాయి కానీ చెరువులు మేలుకునే ఉంటాయి. గట్ల మీద లైట్లు, నీళ్లను చిలుకుతూ తిరిగే ఏరేటర్ల చప్పుడు, మోటార్ షెడ్డులో మంచం వేసుకున్న కాపలా మనిషి కనిపిస్తారు. ఆ వేళకు కరెంటు పోతే అతను ముందు జనరేటర్ దగ్గరకు పరుగెడతాడు, ఫోన్ చేసేది ఆ తర్వాతే. రొయ్యల చెరువులో ఏరేటర్లు గంటసేపు ఆగితే నాలుగు నెలల పెట్టుబడి తేలిపోవచ్చు మరి.

అర్హత ఉన్న ఆక్వా రైతుకు ఆ ఏరేటర్ తిప్పే కరెంటు యూనిట్ రూ.1.50కే అందుతోంది. అదే కరెంటుకు ఏలూరులో నాలుగు గదుల ఇంట్లో ఉండే కుటుంబం, వాడకం 225 యూనిట్లు దాటాక, ఒక్కో యూనిట్‌కు రూ.8.75 కడుతుంది. ఈ రెండు ధరల్లోనూ లేని ఖర్చు మరొకటి ఉంది. బూడిద, పొగ, నీళ్లు, వేడి, ఆసుపత్రి బిల్లుల రూపంలో ఉండే ఆ ఖర్చు ఏ మీటర్‌లోనూ తిరగదు. ఈ కథనం దాని గురించే. సోలార్‌కు మారితే అది నిజంగా తగ్గుతుందా, లేక ఇంకొకరి నెత్తికి మారుతుందా అన్నది కూడా చూద్దాం.

మన ఇంటికి వచ్చే యూనిట్ ఎక్కడ పుడుతుంది?

కరెంటు అంతా ఒకే గ్రిడ్‌లో కలిసి పారుతుంది కాబట్టి 'ఫలానా ప్లాంటు కరెంటు ఫలానా ఊరికి' అని విడదీసి చెప్పలేం. కాలువలో కలిసిన నీరు ఏ కొండ మీద పడిన వానో చెప్పలేనట్టే. అయితే మన ప్రాంతానికి దగ్గరగా ఉన్న పెద్ద బొగ్గు కేంద్రం ఏదంటే చెప్పొచ్చు. అది ఏలూరుకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఉన్న డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం. పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని వీటీపీఎస్ అనే పిలుస్తారు. తొలి యూనిట్ 1979లో మొదలైంది. ఇప్పుడక్కడ 210 మెగావాట్లవి ఆరు, 500 మెగావాట్లది ఒకటి, 800 మెగావాట్లది ఒకటి ఉన్నాయి. అన్నీ కలిపి 2,560 మెగావాట్లు.

చిన్న లెక్క వేద్దాం. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే దాదాపు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలాలి. ఈ కేంద్రం పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిచిందనుకుంటే 6 కోట్ల యూనిట్లు దాటుతుంది, అందుకు 40 వేల టన్నుల బొగ్గు కావాలి. ఒక గూడ్స్ రైలు మోసేది సుమారు 4 వేల టన్నులు. అంటే రోజుకు పది రైళ్లు. సింగరేణి నుంచి, ఒడిశాలోని తాల్చేరు నుంచి వచ్చే బొగ్గు అది.

ఇందులో మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది బూడిద. మన బొగ్గులో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బూడిద ఉంటుంది. 40 వేల టన్నులు కాల్చితే 13 వేల టన్నుల వరకు మిగులుతుంది. అందులో కొంత సిమెంటుకు, ఇటుకలకు, రోడ్ల మెరకకు పోతుంది. మిగిలినది నీళ్లలో కలిపి బూడిద చెరువులోకి పంపుతారు. ఎండాకాలంలో ఆ చెరువు పైపొర ఆరితే గాలికి లేస్తుంది. ఇబ్రహీంపట్నం, కొండపల్లి పరిసరాల వారికి డాబా మీద ఆరేసిన బట్టలపై పడే బూడిద, లారీల నుంచి రోడ్డు మీద రాలే బూడిద ఏళ్ల నాటి గొడవ. బొగ్గులో ఉండే సీసం, ఆర్సెనిక్, పాదరసం లాంటివి కాలిపోయి మాయం కావు. పాదరసం చాలావరకు పొగతో పోతుంది, మిగతావి ఎక్కువగా బూడిదలో చేరి, అక్కడి నుంచి భూగర్భ జలాల్లోకి దిగే ప్రమాదం ఉంటుంది.

బూడిదను నూటికి నూరు శాతం వాడి తీరాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబర్ 31న నోటిఫికేషన్ ఇచ్చింది. అంతకుముందే, 2015 డిసెంబర్‌లో, పొగగొట్టాల నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌కు పరిమితులు పెట్టింది. గంధకాన్ని పట్టే యంత్రాలు రెండేళ్లలో బిగించాలన్నారు. గడువు పెంచుతూ పెంచుతూ వచ్చి, చివరికి 2025 జులైలో దేశంలోని థర్మల్ యూనిట్లలో నాలుగింట మూడొంతులకు పైగా వాటికి ఆ యంత్రాల నుంచే మినహాయింపు ఇచ్చారు. మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రాల ఖర్చు ఎక్కువ, ఆ భారం చివరికి కరెంటు బిల్లు మీదే పడుతుందన్నది ప్రభుత్వ వాదన. వాదనలో నిజం లేకపోలేదు. కానీ యంత్రం ఖర్చు తప్పినంత మాత్రాన ఖర్చే తప్పినట్టు కాదు. గొట్టం నుంచి బయటికొచ్చిన సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సన్నని సల్ఫేట్ ధూళిగా మారి వందల కిలోమీటర్లు వెళ్తుంది. బిల్లులో పడాల్సింది ఊపిరితిత్తుల్లో పడుతుంది.

ఇలా బిల్లులో కనిపించని ఖర్చును ఆర్థికవేత్తలు 'పరోక్ష సబ్సిడీ' అంటారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2023లో వేసిన లెక్క ప్రకారం, 2022లో ప్రపంచమంతా బొగ్గు, చమురు, గ్యాస్‌కు ఇచ్చిన సబ్సిడీ 7 లక్షల కోట్ల డాలర్లు. ఇందులో ప్రభుత్వాలు నేరుగా ఇచ్చింది 1.3 లక్షల కోట్లు మాత్రమే. మిగతాదంతా ఎక్కువగా గాలి కాలుష్యం, భూతాపం వల్ల జరిగే నష్టానికి ఎవరూ ధర కట్టకపోవడం.

గ్యాస్ శుభ్రమైన ఇంధనమే కదా?

బొగ్గుతో పోలిస్తే అవును. బూడిద ఉండదు, కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగమే. కానీ గోదావరి జిల్లాల వాళ్లకు గ్యాస్ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి అంటుకుంది. 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైప్‌లైన్ పేలింది. తెల్లవారుజామున, జనం ఇళ్లలో ఉండగానే. 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. ఆ గొట్టం తాటిపాక నుంచి విజయవాడ పక్కనున్న కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ తీసుకెళ్లేది. ఎక్కడో వెలిగే బల్బు ఖరీదు మధ్యలో ఉన్న ఊరు కట్టింది.

మంట లేకపోయినా గ్యాస్ లీకు మంచిది కాదు. కాలకుండా గాలిలో కలిసే మీథేన్, ఇరవై ఏళ్ల వ్యవధిలో చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది.

ఇంకో చేదు సంగతి. గ్యాస్ పుష్కలంగా వస్తుందని నమ్మి రాష్ట్రంలో వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి లాంటి చోట్ల పెద్ద పెద్ద కేంద్రాలు కట్టారు. సముద్రంలోని డీ6 క్షేత్రంలో ఉత్పత్తి పడిపోయాక చాలావరకు పనిలేక నిలిచిపోయాయి. ఆ అప్పులు బ్యాంకుల మీద, అంటే చివరికి డిపాజిట్లు పెట్టిన వాళ్ల మీదే కూర్చున్నాయి.

రొయ్యల చెరువు మీద సోలార్ ఎందుకు కనిపించదు?

అసలు చిక్కంతా ఇక్కడుంది. కాస్త నిదానంగా చూద్దాం.

చెరువు నీళ్లలో పచ్చగా కనిపించే నాచు పగలు ఎండ తగిలితే ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. రొయ్యలు పీలుస్తాయి, అడుగున కుళ్లే మేత కూడా లాగేస్తుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. వెనామీ రొయ్యకు లీటరు నీటిలో 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉండాలి. తగ్గితే రొయ్యలు మేత మానేసి, గట్ల పక్కకు చేరి, పైకి తేలతాయి. చేపల చెరువుల్లో అయితే బొచ్చె, శీలావతి నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. కాబట్టి ఏరేటర్ల అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది రాత్రి. సోలార్ కరెంటు వచ్చేదేమో పగలు.

మరి ఖర్చు సంగతి? ఎకరానికి నాలుగు హార్స్‌పవర్ ఏరేటర్లు రోజుకు 12 గంటలు తిరిగాయనుకుందాం. అది 36 యూనిట్లు. రాయితీ ధరలో రూ.54. సొంతంగా సోలార్ పెట్టుకుంటే, బ్యాటరీ లేకుండానే, యూనిట్ నాలుగు రూపాయలు పడిందనుకున్నా రూ.144. రైతు ఏది ఎంచుకుంటాడు? ఆయనకు పర్యావరణం పట్టదని అనడం అన్యాయం, లెక్క అలా ఉంది. రాయితీ సోలార్‌ను ఓడిస్తోంది. ఆ రాయితీ సొమ్ము ప్రభుత్వం డిస్కంకు కట్టాలి, సరఫరా అసలు ఖర్చు రూపాయిన్నరకు కొన్ని రెట్లు ఉంటుంది. ఎన్ని ఎకరాల వరకు ఇవ్వాలి, ఆక్వా జోన్‌లో లేని చెరువులకు ఇవ్వాలా వద్దా అన్న నిబంధనలు ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతూ వచ్చాయి. యూనిట్ ఎక్కడి నుంచి రావాలి అన్న చర్చ మాత్రం ఎప్పుడూ అంత గట్టిగా జరగలేదు.

డీజిల్ లెక్క చూస్తే దృశ్యం మారిపోతుంది. చిన్న జనరేటర్ లీటరు డీజిల్‌కు మూడు, మూడున్నర యూనిట్లు ఇస్తుంది. డీజిల్ ఎంత లేదన్నా తొంభై పైనే కాబట్టి యూనిట్ ఇంచుమించు 30 రూపాయలు. పదెకరాల రైతుకు గంట కరెంటు పోతే పది లీటర్లు, దాదాపు వెయ్యి రూపాయలు. 27 కిలోల కార్బన్ డయాక్సైడ్ కూడా. కాబట్టి ఆక్వా రైతుకు చౌక కరెంటు ఎంత అవసరమో, పోని కరెంటు అంతకంటే ఎక్కువ అవసరం. ఫీడర్ బాగుచేస్తే మిగిలే డీజిల్, పలకలు పెడితే మిగిలే బొగ్గు కంటే రైతుకు ముందు కనిపిస్తుంది.

దీనికి దారులు లేకపోలేదు. ఒక్కో చెరువు గట్టు మీద కాకుండా, సబ్‌స్టేషన్ దగ్గర సోలార్ కేంద్రం పెట్టి మొత్తం ఫీడర్‌కు పగటి కరెంటు ఇవ్వడం ఒకటి. వ్యవసాయ పంపుసెట్లకు కేంద్రం పీఎం కుసుమ్ పథకంలో ఇదే పద్ధతి తెచ్చింది. రాయితీ భారం మోసేది ప్రభుత్వమే కాబట్టి, చౌక యూనిట్ తయారు చేసుకునే లాభమూ ప్రభుత్వానిదే. రాత్రి కరెంటుకు నీటిని పైకి తోడి నిల్వచేసే కేంద్రాలున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం అలాంటిదే. పగలు మిగిలిన సోలార్, గాలి కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఇవేమీ రాకముందే రైతు చేసుకోగలిగిందీ ఒకటుంది. పాత, రీవైండింగ్ చేసిన మోటార్ల బదులు మంచి సామర్థ్యం ఉన్నవి పెట్టుకోవడం, ఆక్సిజన్ కొలిచే మీటర్ చూసి అవసరమైనప్పుడే అన్ని ఏరేటర్లూ ఆన్ చేయడం.

ఈ లోపల వేడి పెరుగుతోంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల నీరు ఏడున్నరే. నీరు వేడెక్కిన కొద్దీ ఏరేటర్ ఎక్కువ గంటలు తిరగాలి, దానికి కరెంటు, కరెంటుకు బొగ్గు, బొగ్గుతో మళ్లీ వేడి.

కొల్లేరు మీదే సోలార్ పలకలు పరిస్తే?

సోషల్ మీడియాలో అప్పుడప్పుడు కనిపించే సలహా ఇది. అంత పెద్ద ఖాళీ నీళ్లు ఎందుకు వృథా అంటారు.

కొల్లేరు ఖాళీగా లేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీటిని పట్టుకుని, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదిలే తొట్టి అది. 2024 సెప్టెంబర్‌లో విజయవాడను ముంచిన బుడమేరు నీరు చివరికి చేరేది ఇక్కడికే. సముద్ర మట్టానికి ఐదడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆటపాకలో గూళ్లు పెట్టే గూడబాతులకు, ఎర్రకాళ్ల కొంగలకు తెరిచి ఉన్న నీరు, అందులో ఎండ పడి పెరిగే జీవం కావాలి. పలకలు కప్పితే ఆ ఎండ ఆగిపోతుంది. అభయారణ్యంలో అక్రమ చెరువుల గట్లను కొట్టడానికి 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' చేసిన చోట, పర్యావరణం పేరుతోనే ఇంకో ఆక్రమణ తేవడంలో అర్థం లేదు.

నీటి మీద సోలార్ అనే ఆలోచనే తప్పని కాదు. విశాఖలో ముడసర్లోవ జలాశయంపై, సింహాద్రి ఎన్‌టీపీసీ జలాశయంపై తేలే సోలార్ కేంద్రాలు నడుస్తున్నాయి. సింహాద్రిది 25 మెగావాట్లు. ఇవి మనుషులు కట్టుకున్న నీటి తొట్లు. డెల్టాలో భూమి బంగారం, ఎకరా వరి పొలం మీద పలకలు వేయమంటే ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి కాలువ గట్లు, మంచినీటి చెరువులు, మార్కెట్ యార్డుల షెడ్లు, స్కూళ్లు, కోల్డ్ స్టోరేజీల కప్పులు లాంటివే మనకు మిగిలిన చోట్లు. చేపల ఎగుమతికి ఐస్ తయారుచేసే ఫ్యాక్టరీలను మరిచిపోకూడదు. అవి పగలు కూడా కరెంటు తాగుతాయి, ఐస్ అంటేనే నిల్వ చేసుకున్న చల్లదనం. రాత్రి చేసే పని కొంత పగటికి జరుపుకుంటే సోలార్‌కు అంతకంటే మంచి జోడీ లేదు.

తాడేపల్లిగూడెంలో పాత సంగతే కొత్తగా

రైస్ మిల్లు పక్కన పుట్టి పెరిగిన వాళ్లకు పునరుత్పాదక ఇంధనం అనే పెద్ద మాట అక్కర్లేదు, ఊక తెలుసు. వంద కిలోల ధాన్యం మరపడితే 20 కిలోల వరకు ఊక వస్తుంది. మిల్లుల్లో ధాన్యం ఉడకబెట్టే, ఆరబెట్టే బాయిలర్లు దాంతోనే నడుస్తాయి. తాడేపల్లిగూడెం, తణుకు చుట్టుపక్కల మిల్లులు బొగ్గు ముఖం చూడకుండా నడవడానికి కారణం అదే. పొలంలో పెరిగిన కార్బన్ మళ్లీ గాలిలోకే వెళ్తుంది కాబట్టి వాతావరణం లెక్కలో ఊక మంచిదే.

కానీ ఊకకూ బూడిద ఉంది, బొగ్గు కంటే తేలికైనది, ఇంకా తేలిగ్గా ఎగిరేది. పొగగొట్టం దగ్గర ధూళిని పట్టే ఏర్పాటు సరిగా లేని మిల్లు పక్క వీధిలో ఉండి చూడండి, ఉదయం అరుగు మీద నల్లటి పొర కనిపిస్తుంది. ఇంధనం పచ్చగా ఉన్నంత మాత్రాన పొగ తెల్లగా ఉండదు.

మన డాబా మీద పెట్టుకుంటే లాభమా?

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం ఇచ్చే రాయితీ ఇలా ఉంది. ఒక కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండుకు రూ.60 వేలు, మూడు అంతకు మించితే రూ.78 వేలు. మన రాష్ట్రంలో బీసీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు అదనంగా రూ.20 వేలు ఇస్తామని, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల యూనిట్ ఉచితంగా పెడతామని ప్రభుత్వం ప్రకటించింది.

ఒక కిలోవాట్‌కు దాదాపు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. మన ఎండకు సగటున రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లు పెడితే నెలకు 360 యూనిట్లు. ఏసీ ఉన్న ఇల్లు ఎండాకాలంలో అంత వాడుతుంది. ఆంధ్రప్రదేశ్ స్లాబుల ప్రకారం 360 యూనిట్లకు ఛార్జీ సుమారు రూ.2,200, స్థిర ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు కాకుండా. మూడు కిలోవాట్లకు ధర రెండు లక్షల దాకా అయితే, రాయితీ పోను లక్షా పాతికవేల లోపు పడుతుంది. ఏడాది పొడవునా అంత వాడే ఇంటికి ఐదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది, పలకలు పాతికేళ్లు పనిచేస్తాయి.

నెలకు 150 యూనిట్లు వాడే ఇంటి లెక్క వేరు. దాని ఛార్జీ రూ.570 లోపే. రెండు కిలోవాట్లు పెట్టి రూ.70 వేలు చేతి నుంచి పెడితే తిరిగి రావడానికి పదేళ్లు పడుతుంది. 'అందరూ పెట్టుకోండి' అని ప్రకటనల్లో చెప్పినంత తేలిక కాదు ఇది. బిల్లు ఎక్కువ వచ్చేవారికే లాభం ఎక్కువ. అద్దె ఇంట్లో ఉండేవారికి, అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు వారికి సొంత కప్పే లేదు. పథకాల్లో ఉన్న పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం.

సంతకం పెట్టేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. దరఖాస్తు పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మీ పేరుతో, కరెంటు బిల్లుపై ఉన్న సర్వీస్ నంబర్‌తో చేయాలి. బిల్లు పైన ఏ డిస్కం పేరుందో చూసి అదే ఎంచుకోవాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం ఈపీడీసీఎల్ పరిధిలోవి. పోర్టల్‌లో నమోదైన సంస్థతోనే పని చేయించాలి. రాయితీ రావాలంటే పలకలు, అందులోని సెల్స్ మన దేశంలో తయారైనవే అయ్యుండాలి. పని పూర్తై, నెట్ మీటర్ బిగించి, తనిఖీ అయ్యాకే రాయితీ మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. 'రాయితీ మేమే తెస్తాం, ముందు మొత్తం కట్టండి' అనే ఏజెంటుకు డబ్బులిచ్చే ముందు ఒకసారి పోర్టల్ చూడండి. మూడు కిలోవాట్ల వరకు బ్యాంకులు తాకట్టు లేకుండా రుణం ఇస్తాయి.

చాలామందికి పెట్టుకున్నాక గానీ తెలియని విషయం ఒకటుంది. బ్యాటరీ లేని మామూలు సోలార్ ఇన్వర్టర్, లైన్‌లో కరెంటు పోగానే ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్‌కు మీ ఇంటి నుంచి షాక్ తగలకుండా పెట్టిన ఏర్పాటు అది. 'సోలార్ ఉంది కదా, కోతలు ఉండవు' అనుకుంటే పొరపాటు. కోతల్లోనూ కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకం తీసుకోవాలి, ఖర్చు బాగా పెరుగుతుంది.

రెండోది గాలి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర, 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటాయి. డాబా మీద ఇనుప ఫ్రేమును నాలుగు ఇటుకల బరువుతో నిలబెట్టే పని ఇక్కడ పనికిరాదు. స్లాబులోకి యాంకర్ బోల్టులు వేశారా, ఫ్రేముకు గాల్వనైజింగ్ ఉందా, ఎంత వేగం గాలికి తట్టుకుంటుందని రాసిచ్చారా అడగండి. ఉప్పుగాలికి మామూలు ఇనుము నాలుగైదేళ్లలో తినేస్తుంది.

సోలార్‌కు దాచిన ఖర్చు లేదా?

ఉంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2014 నివేదిక ప్రకారం తయారీ నుంచి పారేసేదాకా అన్నీ కలిపితే బొగ్గు యూనిట్‌కు మధ్యస్థంగా 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తే, సోలార్‌కు నలభై, యాభై గ్రాముల మధ్య వస్తుంది. తేడా చాలా పెద్దది, కానీ సున్నా కాదు.

పలకల్లో గాజు, అల్యూమినియంతో పాటు కొద్దిగా సీసం, వెండి ఉంటాయి. పాత పలకలను పాత ఇనుప సామాను బండికి వేయకూడదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ పలకలను కూడా చేర్చారు, వాటి బాధ్యత తయారీదారులదే. బ్యాటరీల సంగతి ఇంకా సున్నితం. ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే బ్యాటరీ చాలావరకు సీసం, యాసిడ్‌దే. దాన్ని ఊరి చివర పగలగొట్టి కరిగిస్తే సీసం మట్టిలో, పిల్లల రక్తంలో చేరుతుంది. 2020 డిసెంబర్‌లో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయినప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత అనుమానం ప్రధానంగా పురుగుమందుల అవశేషాల మీదకు వెళ్లింది. కారణం ఏదైనా, కంటికి కనిపించని విషం ఒక ఊరిని ఎలా కుదిపేస్తుందో ఏలూరు చూసింది. పాత బ్యాటరీని కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చి రసీదు తీసుకోండి. 2022 నిబంధనల ప్రకారం వెనక్కి తీసుకునే బాధ్యత తయారీ సంస్థలది.

అన్నిటికంటే బరువైన ఖర్చు జల విద్యుత్తుది. పోలవరంలో 960 మెగావాట్ల కేంద్రం కడుతున్నారు. పొగ లేదు, బూడిద లేదు. కానీ ప్రాజెక్టు మొత్తం కింద ఇల్లు వదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే, వాళ్లలో గిరిజనులు ఎక్కువ. ఏలూరు జిల్లాలోనే కుక్కునూరు, వేలేరుపాడు మండలాల జనం 2022 జులై వరదలో ఇళ్లు మునిగి, పునరావాసం కోసం ఎదురుచూశారు. ప్రాజెక్టు ప్రధానంగా సాగునీటి కోసమే, నిజం. అయినా రేపు అక్కడి కరెంటును 'క్లీన్ ఎనర్జీ' అని లెక్క రాసేటప్పుడు ఆ ఊళ్ల పేర్లు కూడా ఆ పక్కనే రాయాలి.

స్కూటర్ మారిస్తే?

బొగ్గు కరెంటుతో ఛార్జ్ చేసే ఎలక్ట్రిక్ బండి వల్ల ఉపయోగం ఏముందని అడుగుతుంటారు. లెక్క ఇది. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోల్ స్కూటర్ కిలోమీటరుకు 50 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ కిలోమీటరుకు 0.03 యూనిట్ వాడితే, మన గ్రిడ్ సగటు యూనిట్‌కు 0.7 కిలోలు కాబట్టి, 21 గ్రాములు. లైన్ నష్టాలు కలిపినా సగమే. పగలు డాబా మీది సోలార్‌తో ఛార్జ్ చేస్తే ఇంకా తక్కువ. బండి పొగ వీధిలోనే పోతుందన్నది అదనపు లాభం, పాత బస్టాండ్ దగ్గర సాయంత్రం పూట నిలబడేవారికి ఇది అర్థమవుతుంది.

సోలార్ దరఖాస్తు ఆగిపోయినా, నెట్ మీటర్ పెట్టకుండా తిప్పుతున్నా ముందుగా డిస్కం టోల్‌ఫ్రీ నంబర్ 1912కు ఫిర్యాదు చేసి నంబర్ రాసుకోండి. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక అధ్యయనం పేరుతో దరఖాస్తు ఆపే వీల్లేదని 2024లో సవరించిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆ మాట ఫిర్యాదులో రాయడం మరిచిపోవద్దు. అక్కడ పని కాకపోతే డిస్కం వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లొచ్చు, దానికి లాయరు అవసరం లేదు. బూడిద, పొగ మీద ఫిర్యాదులు మాత్రం కాలుష్య నియంత్రణ మండలికి వెళ్లాలి. ఫోటోతో పాటు తేదీ, సమయం, గాలి ఎటు వీస్తోందో రాస్తే తోసిపుచ్చడం కష్టమవుతుంది.